సూదిమందు తాగిందని చెప్పిన రోజు

“నా కూతురు ఈ మందు తాగే లేచింది సారూ. మూడు పూటలు తాగింది. నాలుగో రోజుకి నీళ్ళ బిందె ఎత్తుకున్నది.”

ఆ మాట అన్నది నేనే. చేతిలో టీ కప్పుల పళ్ళెం ఉంది. గదిలో బయటినుంచి వచ్చిన ముగ్గురు, మా డాక్టరమ్మ, నేను. మాట అనేసి నవ్వుతూ నిలబడ్డాను, ఎవరైనా ‘అవునా’ అంటారని. ఎవరూ అనలేదు. లాప్‌టాప్ మీద ఆడుతున్న అమ్మాయి వేళ్ళు ఆగిపోయాయి. ఆమె పక్కన కళ్ళద్దాలాయన బిస్కెట్టు సగం కొరికి అలాగే పట్టుకున్నాడు. డాక్టరమ్మ ముఖం, ఎవరో పోయారని ఫోనొచ్చినప్పుడు ఉండే ముఖంలా అయింది. ఏం జరిగిందో నాకు తెలియలేదు. ఏదో జరిగిందని మాత్రం కాళ్ళకు తెలిసింది. ఒక అడుగు వెనక్కి వేశాను. పళ్ళెంలో కప్పులు గలగలమన్నాయి.

ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

నాకు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు, రాయడం రాదు. అంకెలు మాత్రం రాయగలను. ఇదంతా నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. నా మాటకు కొంచెం ఇస్త్రీ చేసి రాస్తానంది, సరే అన్నాను. మనుషులు అన్న మాటలను మాత్రం అన్నట్టే రాయమన్నాను.

మాది తెలంగాణ సరిహద్దు పక్క పల్లె. పెళ్ళయ్యాక సరిహద్దు దాటి, హిందీ మాట్లాడే జగదల్‌పూర్ వచ్చాం. ఆయన ఇప్పపువ్వు బస్తాలు లారీలకు ఎత్తేవాడు. ఒకరోజు బస్తాతో సహా లారీ మీదినుంచి పడ్డాడు. మళ్ళీ లేవలేదు. అప్పటికి మా పిల్లకు అయిదేళ్ళు. ఆ తర్వాత నేను ఆదివారం సంతలో చింతపండు అమ్మి పిల్లను పెంచాను.

పిల్లకు తొమ్మిదో ఏట మొదటిసారి నొప్పి వచ్చింది. “అమ్మా, నా ఎముకల్ల ఎవరో వడ్లు దంచుతున్నరే,” అని ఏడ్చింది. పెద్దాసుపత్రిలో రక్తం తీసి సికిల్ జబ్బు అన్నారు. రక్తంలో గుండ్రంగా ఉండాల్సిన కణాలు కొడవలిలా వంగిపోయి, నరాల్లో అడ్డం పడతాయట. ఈ అడవి ప్రాంతంలో చాలా ఇళ్ళలో ఉన్న జబ్బే. వాన పడినా, చలి పెరిగినా, కాస్త ఎక్కువ నడిచినా నా పిల్ల రెండు మోకాళ్ళూ పట్టుకుని నేలమీద ముడుచుకుపోయేది. అలాగే డిగ్రీ చదివింది. సగం పరీక్షలు ఆసుపత్రి మంచం మీదినుంచి లేచి వెళ్ళి రాసింది.

డాక్టరమ్మ పరిచయమైంది ఆ ఆసుపత్రి వరండాలోనే. ఆమె నాన్నది శ్రీకాకుళం పక్క. కిరందుల్ లైన్లో రైల్వే ఉద్యోగం. ఆమె ఇక్కడే పుట్టి, ఎక్కడెక్కడో చదివి తిరిగి వచ్చింది. నేనూ పిల్లా మాట్లాడుకుంటుంటే విని దగ్గరకు వచ్చి, “ఏటి పిన్నీ, తెలుగోళ్ళా?” అంది. అంతే, పిన్ని అయిపోయాను. ఆరు నెలల తర్వాత నగర్‌నార్ వెళ్ళే రోడ్డు మీద ఆమె పెట్టుకున్న చిన్న కంపెనీలో నాకు పని దొరికింది. రేకుల కప్పు, మూడు గదులు, రెండు పెద్ద ఫ్రిజ్‌లు, ఆమెతో కలిపి అయిదుగురు మనుషులు. ఆ రేకుల కింద ఆమె సికిల్ నొప్పి రాకుండా చేసే మందు ఒకటి తయారు చేస్తోంది. ఎలుకలకు పనిచేసింది. ఇక మనుషులకు ఇచ్చి చూడాలి.

నా పని ఊడ్చడం, టీ పెట్టడం. ఇంకో రెండు పుస్తకాలు కూడా నావే. ఒకటి ఫ్రిజ్ పుస్తకం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫ్రిజ్ మీద కనబడే అంకె చూసి రాయాలి. రెండుకు తగ్గకూడదు, ఎనిమిది దాటకూడదు. రెండోది సీసాల పుస్తకం. మందు సీసాలు లెక్కపెట్టి రోజూ సాయంత్రం ఎన్ని ఉన్నాయో రాసి తాళం వేయాలి. నా అంకెలు వంకరగా ఉంటాయి, కానీ ఒక్క పూట కూడా ఖాళీ లేదు.

షేరు అంటే ఏమిటో నాకు డాక్టరమ్మే చెప్పింది. కంపెనీలో వాటా. మా పల్లెలో పదిమంది కలిసి మేకను కొని పోగులు వేసుకుంటాం చూడండి, అలాగట. ముంబైలో చిన్న కంపెనీల కోసం పెట్టిన బజారులో ఆమె కంపెనీ పోగులు కూడా అమ్మకానికి ఉన్నాయట.

“మరి మేక ఏదమ్మా?” అన్నాను.

“ఇంకా పుట్టలేదు పిన్నీ.”

“కడుపులో ఉన్నదా?”

“ఉందనే అనుకుంటన్నాను,” అని ఆమె నవ్వింది.

నేను నోరు తెరిచేశాను. పుట్టని మేకకు పోగులు కొనేవాళ్ళు కూడా ఉంటారా అని. ఉన్నారట, కొంతమంది. వాళ్ళు పెట్టింది ఎలుకల దగ్గరికే సరిపోయింది. ఇప్పుడు పెద్దాసుపత్రిలో మనుషులకు ఇచ్చి చూడాలంటే మంచాలు, పరీక్షలు, బీమా, చాలా కావాలి. ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆసుపత్రి వాళ్ళు మొదట ఎవరికి ఇవ్వాలో ఒక జాబితా రాసుకున్నారు. ఆ జాబితాలో నాలుగో పేరు నా కూతురిది.

ఆ కాగితం నేను చూశాను. అక్షరాలు కూడబలుక్కున్నాను. నా పిల్ల పేరే. ఆ రోజు ఇంటికి వచ్చి చేపల కూర వండాను.

ఇక డబ్బు పెట్టేవాళ్ళు రావాలి. ఏళ్ళ తరబడి ఫోన్లు చేస్తే, చివరికి ఒక పెద్ద ఫండు వాళ్ళు వచ్చి చూస్తామన్నారు. ముగ్గురు వచ్చారు. కళ్ళద్దాలాయన, లాప్‌టాప్ అమ్మాయి ముంబై వాళ్ళు, హిందీ మాట్లాడారు. మూడో ఆయన పెద్దవాడు, తల నెరిసింది, హైదరాబాద్ మనిషి. నేను డాక్టరమ్మతో తెలుగులో మాట్లాడుతుంటే ఆయన చెవి ఇటు తిరిగింది.

పొద్దంతా వాళ్ళు అడిగారు, ఆమె చెప్పింది. నేను నీళ్ళు తెచ్చి, టీ తెచ్చి, ఖాళీ కప్పులు తీసి, ప్రతిసారీ ఒక ముక్క వింటూ వచ్చాను. ఎన్నేళ్ళు పడుతుంది? చెప్పలేం. ఇదొక్క మందేనా? ఇదొక్కటే. పనిచేయకపోతే? ఆమె, “పనిచేయకపోతే ఏమీ ఉండదు,” అంది హిందీలో. అయ్యో, అలా ఎవరైనా అంటారా? సంతలో కొనేవాడి ముందు ‘ఈ చింతపండులో పురుగు ఉండొచ్చు’ అంటామా? కళ్ళద్దాలాయన గడియారం చూసుకున్నాడు. అమ్మాయి, “ఇప్పటిదాకా ఒక్క మనిషి మీదైనా దీని గుణం చూశారా?” అంది. డాక్టరమ్మ లేదంది. అమ్మాయి లాప్‌టాప్‌లో ఏదో కొట్టింది. బేరం పోతోందని నాకు తెలిసిపోయింది. సంతలో పన్నెండేళ్ళు కూర్చున్నదాన్ని. కొనేవాడి కాళ్ళు వెనక్కి తిరగకముందే అతని భుజం తిరుగుతుంది. ముగ్గురి భుజాలూ తిరిగి ఉన్నాయి.

మా సంతలో ఒక పద్ధతి ఉంది. నా పక్కన వేళ్ళూ బెరళ్ళూ అమ్మే మందులాయన కూర్చునేవాడు. ఆయన దగ్గర ఎవరైనా ఆగి అనుమానంగా చూస్తే, “అక్కా, జర చెప్పు,” అనేవాడు. నేను తల తిప్పకుండానే, “నా మోకాలు పట్టేసింది, మూడు పూటలు తాగిన, నాలుగో రోజు బిందె ఎత్తిన,” అనేదాన్ని. నా దగ్గర ఎవరైనా చింతపండు వాసన చూస్తుంటే ఆయన, “పోయిన వారం నేను కొన్న, పప్పులేస్తే పప్పు ఉరికి వచ్చింది,” అనేవాడు. ఉప్పు చేపలమ్మి గుమ్మడికాయలాయనకు, గుమ్మడికాయలాయన ఉప్పు చేపలమ్మికి. అందరం ఒకరికొకరం గొంతు ఇచ్చుకునేవాళ్ళం. కొనేవాళ్ళకూ తెలుసు. నవ్వుకుంటూ కొనేవాళ్ళు. పక్కన కూర్చుని నోరు విప్పకపోతేనే తప్పు. ‘పక్కన ఉండి పలకలేదు’ అని వారమంతా అలిగేవాళ్ళు.

మరి డాక్టరమ్మ పక్కన ఉన్నది నేనొక్కదాన్నే కదా.

అందుకే పలికాను. మొదట హిందీలో, తర్వాత తలనెరిసిన ఆయన వైపు తిరిగి తెలుగులో.

కప్పులు గలగలమన్నాక మొదట లేచింది లాప్‌టాప్ అమ్మాయి. “మీరు మనిషికి ఇచ్చారా? ఆసుపత్రిలో పరీక్ష మొదలుకాకుండానే?” అంది డాక్టరమ్మతో. నేను నవ్వు ఆపలేదు ఇంకా. డాక్టరమ్మ, “లేదు, లేదు, ఎవరికీ ఇవ్వలేదు,” అంటోంది. కళ్ళద్దాలాయన మాట్లాడకుండా ఫోను తీసి బయటికి వెళ్ళాడు. సాయంత్రం వాళ్ళు కలవాల్సిన ఆసుపత్రి డాక్టరుకు చేశాడని తర్వాత తెలిసింది.

డాక్టరమ్మ నన్ను వంటగదిలోకి లాక్కెళ్ళింది. ఆమె నా చెయ్యి అలా పట్టుకోవడం అదే మొదటిసారి.

“ఏటి పిన్నీ ఇది? ఎందుకలా చెప్పేవు?”

“మంచి మాటే చెప్పిన కదమ్మా.”

“ఆసుపత్రి పరీక్ష మొదలవకుండా మనిషికి ఇచ్చేస్తే జైలు పిన్నీ! నా లైసెన్సు పోద్ది. ఇంకా...” అని ఆగిపోయింది. నా ముఖం చూసి నేల చూసింది. “ఆ జాబితాలో ఈ మందు ఒక్కసారి కూడా తీసుకోనివాళ్ళే ఉండాలి. నీకు తెలీదా?”

నాకు తెలీదు. నిజంగా తెలీదు. నేను గోడకు ఆనుకున్నాను. స్టవ్ మీద పాలు పొంగి పారుతున్నా నేను ఆర్పలేదు, ఆమె ఆర్పింది.

ఇంటికి వచ్చేసరికి ఆసుపత్రి నుంచి పిల్లకు ఫోను వచ్చేసింది. విషయం తేలేదాకా పేరు తీసేశాం అన్నారట. పిల్ల మంచం మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండేది.

“ఏమన్నవే అమ్మా నువ్వు వాళ్ళతోని?”

“నీ బాగు కోసమే అన్న బిడ్డా.”

“నేను తాగిన్నా? ఎప్పుడు తాగిన? అది సూదిమందే! తాగే మందు గూడ కాదు!” అంది. “నన్ను చింతపండు అనుకున్నవా అమ్మా, అమ్ముడుపోవాల్నని?”

నిజమే, అది సూదిమందు. రోజూ ఆ సీసాలు లెక్కపెట్టేదాన్ని, సూదులు కూడా చూసేదాన్ని. కానీ నోరు తెరిచేసరికి సంత మాట తన్నుకుని వచ్చింది, మూడు పూటలూ, నాలుగో రోజూ, బిందె, అన్నీ వరసగా. నా పిల్ల జీవితం గురించి మాట్లాడుతూ మందులాయన మోకాలి కషాయం వల్లించాను.

మర్నాడు పొద్దున పని మానేద్దామనుకున్నాను. కానీ ఫ్రిజ్ అంకె రాయాలి కదా అని వెళ్ళాను. తలుపు తీసేసరికి తలనెరిసిన సారూ, లాప్‌టాప్ అమ్మాయీ నాకంటే ముందే వచ్చి ఉన్నారు. కళ్ళద్దాలాయన తెల్లారకముందే రాయ్‌పూర్ వెళ్ళిపోయాడట. డాక్టరమ్మ కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“అమ్మా, నీ పుస్తకాలు రెండూ తీసుకురా,” అన్నారు సారు.

తెచ్చాను. సీసాలు ఎన్ని తయారయ్యాయో డాక్టరమ్మ దగ్గర లెక్క ఉంది. ఎన్ని పరీక్షలకు వాడారో, ఎన్ని పారేశారో అదీ ఉంది. అమ్మాయి ఫ్రిజ్ తాళం తీయించి, డబ్బాలు బయట పెట్టకుండానే ఒక్కో సీసా లెక్కపెట్టింది. ఒక డబ్బా, రెండో డబ్బా. నేను పక్కన నిలబడి నోట్లోనే లెక్కపెట్టుకున్నాను. నా పుస్తకంలో ఉన్నన్నీ ఉన్నాయి. ఒక్కటి తగ్గలేదు. మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ అంతే.

సారు ఈలోగా ఫ్రిజ్ పుస్తకం తిప్పుతున్నారు. నాలుగు, నాలుగు, అయిదు, నాలుగు. ఒక పేజీ దగ్గర ఆగారు.

“ఇక్కడ పదకొండు ఉందేమిటి?”

అది పోయిన వానాకాలం సంగతి. రాత్రంతా కరెంటు లేక, జనరేటర్లో డీజిల్ అయిపోయి, పొద్దున నేను వచ్చేసరికి ఫ్రిజ్ మీద పదకొండు కనబడింది. పదకొండనే రాశాను. ఆ ఫ్రిజ్‌లో సీసాలన్నీ పారేయాల్సి వచ్చింది. నాలుగు నెలల పని. డాక్టరమ్మ ఆ రోజు నన్ను ఒక్క మాట అనలేదు, గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. ఇదంతా చెప్పాను.

“నువ్వు వచ్చేసరికి ఇంకెవరైనా ఉన్నారా?”

“లేరు సారూ. నేనొక్కదాన్నే.”

“కరెంటు వచ్చాక ఆరో, ఏడో రాసేస్తే ఎవరికి తెలిసేది?”

“ఎవరికి తెలవది.”

“మరి పదకొండు రాసిన మనిషివి, నిన్న ఆ మాట ఎట్లా అన్నావమ్మా? పైగా తాగిందన్నావు. సూదిమందు తాగడమేమిటి? నాకు అక్కడే అనుమానం వచ్చింది.”

సంత సంగతి చెప్పాను. మందులాయన సంగతి, ఉప్పు చేపలమ్మి సంగతి, పక్కవాళ్ళు గొంతు ఇచ్చే సంగతి, అన్నీ. “రాసేది వేరు సారూ, అనేది వేరనుకున్న. పుస్తకంల ఉన్నది రాస్తరు. బేరంల పక్కోళ్ళు పలుకుతరు. మీరు గూడ నవ్వుకుంటరనుకున్న,” అన్నాను.

అమ్మాయికి ఆయన హిందీలో చెప్పారు. ఆమె ముఖం చేత్తో కప్పుకుంది. నవ్విందో, విసుక్కుందో తెలియదు. సారు మాత్రం నవ్వలేదు.

“నీ సంతలో కొనేవాళ్ళకు తెలుసు, ఇది ఉత్త మాట అని. మా సంతలో తెలియదమ్మా. సూట్లు వేసుకున్నవాళ్ళు, ఇంగ్లీషులో, అచ్చం నీ మాటే చెబుతారు. పనిచేసిందండీ, లేచి నడిచారండీ అని. నమ్మి పెట్టినవాళ్ళు మునిగిపోయారు. ఇలాంటి మందుల కంపెనీల కాగితాలు నాకే సగం అర్థం కావు. అర్థం కానిచోట మాట తేడా వస్తే ఇంకేం చూడం, లేచిపోతాం.”

“ఇప్పుడు నిజం తెలిసింది కదా సారూ. సీసాలు సరిపోయినయ్ కదా. పెడతరు కదా?”

ఆయన పుస్తకం మూసి నా చేతికి ఇచ్చారు.

“పెట్టలేమమ్మా.”

నాకు సరిగా వినబడలేదేమో అనుకున్నాను. నిన్న నా వల్ల పాడైందనుకున్నాను, ఇవాళ సరిదిద్దుకున్నాను అనుకున్నాను. ఇంకా ఎందుకు?

“నిన్న నువ్వు నోరు తెరవకముందే మేము వద్దనుకున్నాం,” అన్నారాయన. “నీ మాట వల్ల కాదు.”

నేను కింద కూర్చుండిపోయాను. ఆయన కూడా స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నారు.

“ఆ డబ్బు నాది కాదు. ఎవరెవరో దాచుకున్నది. మూడు నెలలకొకసారి ఏమైందని అడుగుతారు. ఇంకా చూస్తున్నారండీ, ఆసుపత్రిలో పరీక్ష జరుగుతోందండీ అని ఎన్నేళ్ళు చెప్పను? ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీ లాంటిది దెబ్బతిన్నా ఇనుమైనా మిగులుతుంది, నేల మిగులుతుంది. ఈ మందు తప్పితే ఏం మిగులుతుంది? నీ రెండు ఫ్రిజ్‌లు. ఒకవేళ మధ్యలో నేను బయటపడదామన్నా, ఈ షేరు కొనేవాడు ఉండడు. రోజుకు ఒకడో ఇద్దరో కొంటారు, అది కూడా కొద్దికొద్దిగా. మీ సంతలో ఏనుగును అమ్మడానికి పెట్టినట్టు.”

“ఒకసారి పెట్టి ఊకుంటే సాలదా?”

“ఒకసారితో అవదమ్మా. మళ్ళీ అడుగుతారు, ఆ తర్వాత మళ్ళీ. ప్రతిసారీ కొత్తవాళ్ళు వచ్చి కూర్చుంటే పాతవాళ్ళ పోగు చిన్నదైపోతుంది.”

పోగు అనే మాట ఆయన నోట విని ఉలిక్కిపడ్డాను. డాక్టరమ్మ చెప్పి ఉంటుంది.

“ఇంకొకటి,” అని ఆయన ఆగారు. చెప్పాలా వద్దా అన్నట్టు అమ్మాయి వైపు చూశారు. “రేపు మందు పనిచేసినా, కొనేది ఎవరు? ఈ జబ్బు ఎవరికి వస్తుంది?”

“మా అసుంటోళ్ళకి.”

ఫ్రిజ్ గుర్రుమంటోంది. నాకేదో చెంపమీద కొట్టినట్టు అనిపించింది, కానీ ఆయన కొట్టలేదు. ఆయన అడిగింది నిజమే. జవాబు చెప్పింది నేనే.

కోపం రావాలి నాకు. రాలేదు. ఎందుకంటే నేనూ అంతే. మా పల్లెలో ఇప్పచెట్లు ఉన్నాయి, పొద్దున్నే వెళ్ళి పువ్వు ఏరుకునేవాళ్ళం. అవి ఎవరూ నాటినవి కావు. నన్ను ఒక మొక్క నాటమని ఎవరైనా అంటే, పూసేదాకా నేనుంటానా, అది బతుకుతుందా, మేక తింటే ఏం చేయను అని నేనూ అడిగేదాన్ని. ఆయనతో అదే అన్నాను. “నాటమంటే నేను గూడ నాటను సారూ. కాని నా పిల్లకి పువ్వు గావాలె.”

ఆయన లేచి, పదకొండు ఉన్న పేజీని ఫోనులో ఫోటో తీసుకోవచ్చా అని డాక్టరమ్మను అడిగారు. ఎందుకో చెప్పలేదు. తీసుకున్నారు. వెళ్ళేముందు ఒక కాగితం రాసి సంతకం పెట్టారు. సీసాలన్నీ లెక్కకు సరిపోయాయని, ఎవరికీ ఇచ్చిన జాడ లేదని. దాన్ని ఆసుపత్రికి పంపమన్నారు.

ఆ ముచ్చట అక్కడితో ఆగలేదు. కంపెనీ గురించి అలాంటి మాట బయటికి పొక్కితే బజారుకు జవాబు చెప్పుకోవాలట, అది చట్టమట. డాక్టరమ్మ ఒక ఉత్తరం తయారు చేసింది. ‘మా దగ్గర పనిచేసే ఆమె చెప్పిన మాట నిజం కాదు, ఈ మందు ఇంతవరకు ఏ మనిషికీ ఇవ్వలేదు’ అని. దానితో పాటు నా సంతకం ఉన్న కాగితం కావాలంది. వేలిముద్ర వేస్తానన్నాను. “వద్దు పిన్నీ, సంతకమే పెట్టు. రోజూ పుస్తకం రాసే మనిషివి,” అంది. పిల్ల నేర్పింది. పొయ్యి పక్కన బొగ్గుతో గోడమీద ఇరవై సార్లు నా పేరు రాసి, అప్పుడు కాగితం మీద పెట్టాను. నా బతుకులో మొదటి సంతకం నేను అబద్ధం చెప్పానని ఒప్పుకుంటూ పెట్టిందే.

ఉత్తరం పంపిన రెండో రోజు డాక్టరమ్మ ఫోను నా ముందు పెట్టింది. ఎర్రటి గీత ఒకటి గోడమీదినుంచి నీళ్ళు కారినట్టు కిందికి జారిపోయి ఉంది.

“ఇదేంది?”

“మన షేరు పిన్నీ. పడిపోయింది.”

“నిజం చెప్పినంక గూడనా?”

“నిజం చెప్పేక మరీ పడ్డాది.” ఆమె నవ్వింది, కళ్ళు మాత్రం నవ్వలేదు. “మనిషికి ఇవ్వలేదు అన్న ముక్క చదివేరు. ఓహో, అయితే వీళ్ళ దగ్గర ఇంకా ఏటీ లేదన్నమాట అనుకున్నారు. ముందునుంచీ మనం చెప్తన్నదే అది. ఎవరూ చదవలేదు.”

నాకు తల తిరిగిపోయింది. అబద్ధం చెబితే లేచిపోయారు, నిజం చెబితే పారిపోయారు. నోరు మూసుకుని ఫ్రిజ్ చూసుకుంటూ ఉన్నంతకాలం మమ్మల్ని ఎవరూ చూడనే లేదు. ఇదెక్కడి సంత?

ఆ నెలలో మూడు గదుల్లో రెండు ఖాళీ చేశాం. అయిదుగురిలో ఇప్పుడు డాక్టరమ్మ, నేను ఉన్నాం. ఆమె వారంలో మూడు రోజులు కాలేజీలో పాఠాలు చెప్పి వస్తోంది. ఫ్రిజ్ ఒకటి అమ్మేశాం. ఇంకొకటి ఉంది. అందులో సీసాలు ఉన్నాయి.

మొన్న ఆదివారం చాలా రోజుల తర్వాత సంతకు వెళ్ళాను. మందులాయన నన్ను చూడగానే పొంగిపోయాడు. ఆయన ముందు ఒక ముసలామె వేరు పట్టుకుని వాసన చూస్తోంది.

“అక్కా, మంచి టైముకొచ్చినవ్. జర చెప్పు, నీ మోకాలు సంగతి.”

నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. మూడు పూటలు, నాలుగో రోజు. పెదవుల దాకా వచ్చింది.

“నేను తాగలేదన్నా,” అన్నాను.

ఆయన చేతిలో కట్ట జారి పడింది. ఉప్పు చేపలమ్మి తల ఎత్తి చూసింది. గుమ్మడికాయలాయన తూకం ఆపేశాడు. పన్నెండేళ్ళలో అక్కడ అలాంటి మాట ఎవరూ అనలేదు.

“ఏందక్కా, నేనేం తప్పు చేసిన నీకు?” అన్నాడు మందులాయన, గొంతు చిన్నదైపోయి.

“నువ్వేం చెయ్యలే. నేను తాగలే, అంతే.”

ముసలామె నా వైపు, ఆయన వైపు చూసి, “తాగకపోతే ఏమాయె. నాకైతే నొప్పి ఉన్నది,” అని కొనుక్కుని వెళ్ళిపోయింది. మేమంతా ఆమె వెళ్ళేదాకా అలా చూస్తూ ఉండిపోయాం. మందులాయన మాత్రం నాతో ఇంకా మాట్లాడడం లేదు.

అదే వారంలో ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. తలనెరిసిన సారు రాసిన కాగితం, నా సంతకం కాగితం, సీసాల పుస్తకం, అన్నీ చూశారట. పిల్ల పేరు మళ్ళీ జాబితాలో పెట్టారు. నాలుగోదిగానే. పరీక్ష ఎప్పుడు మొదలవుతుందని అడిగితే, “కంపెనీ దగ్గర డబ్బులు సమకూరినప్పుడు,” అన్నారు. ఎప్పుడు సమకూరుతాయని నేను డాక్టరమ్మను అడగలేదు. ఆమె ఏం చెబుతుందో నాకు తెలుసు. తెలియదంటుంది. ఆమె ఎప్పుడూ ఉన్నదే చెబుతుంది.

ఇక్కడిదాకా చెప్పేసరికి పిల్ల కలం ఆపింది. నిన్నటినుంచి దానికి మోకాళ్ళు వాచి ఉన్నాయి. కాళ్ళకు దుప్పటి చుట్టుకుని, గోడకు ఆనుకుని రాస్తోంది.

“ఆఖర్ల ఏం రాయాలె అమ్మా? నేను బాగైన అని రాయాల్నా? చదివేటోళ్ళకు బాగుంటది.”

“ఒద్దు.”

“మరి?”

“ఉన్నది రాయి బిడ్డా. జాబితల నాలుగో పేరున్నది అని రాయి. మోకాళ్ళు వాచినయ్ అని రాయి. ఇయ్యాల పొద్దున ఫ్రిజ్ అయిదు మీద ఉన్నది అని రాయి.”

రాసింది.